ఇంజిన్ కింద పురిటిల్లు

సుపీరియర్ సరస్సు మీద గాలి దిక్కు మార్చుకుంది.
మేపుల్ చెట్లు చేతులు దులిపేసుకున్నాయి.
ఇంక నాన్చి లాభం లేదని
షెడ్డు తలుపు భుజంతో నెట్టాను.

ముగ్గురున్నారు లోపల.
ఎర్రది నడుస్తుంది. పచ్చది నడవదు.
మూడోదానికి రంగే మిగల్లేదు.
దాని స్టార్టరు ఎర్రదానికి, సీటు కింద స్ప్రింగు ఎర్రదానికి,
ఎముకలు దానమిచ్చిన ఋషిలా
గోడవారన కూర్చుంది.

ఎర్రది నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది.
ముప్ఫై ఒక్క చలికాలాలు స్కూలు బస్సు తోలినదాన్ని,
గేర్లు నాకు కొత్త కాదు.
దీని భాష మాత్రం
వేలంలో దీనితో పాటు వచ్చిన
పసుపుబారిన పుస్తకంలో నేర్చుకున్నాను.
అంచుల్లో పెన్సిలు రాతలు. ఎవరివో, పేరు లేదు.
"కార్బురేటర్ మర ఒకటిన్నర చుట్టు.
కంపెనీ వాడు చెప్పింది కాదు, ఇదే నిజం."
"టైర్లలో నీళ్లు పొయ్యకు, గడ్డకడతాయి.
బీట్‌రూట్ రసం పొయ్యి."
నలభయ్యో పేజీలో గేరు బొమ్మ పక్కన, పెద్ద అక్షరాలతో
"ఇక్కడ బలం పెట్టకు."
నన్ను పెళ్లి చేసుకుంటానన్న ఇద్దరూ
ఇంత వివరంగా ఏనాడూ మాట్లాడలేదు.

వేసవి ఆయిల్ దించాను, తారులా సాగింది.
పల్చటిది పోశాను.
పాయింట్ల మీద మసి గరుకు కాగితంతో గీకి
మధ్యన అగ్గిపెట్టె అట్టముక్క పట్టేంత సందు వదిలాను.
బ్యాటరీని వంటింట్లో, పొయ్యి పక్కన,
పిల్లిని లేపి దాని చోట్లో పెట్టాను.
మంచు విసిరే గొట్టం లోపల మైనం రుద్దాను.
చెయిన్లు నేల మీద పరిచి బండిని వాటి మీదికి తోస్తుంటే
నడుం కలుక్కుమంది.

ఇంక మిగిలింది ఫ్యాను మీది రేకు మూత.
ఏటేటా విప్పి దుమ్ము ఊదకపోతే ఇంజిన్ ఉడికిపోతుంది.
నాలుగు బోల్టులు. పానా తిప్పాను.

సీటు దూది, ఒక ఈక, మొక్కజొన్న పీచు,
సన్నగా చీరిన పసుపు కాగితం.
నడుమ ఐదు వేలికొసలు,
గులాబి రంగువి, ఊపిరి తీస్తూ.
తల్లి నన్ను చూసింది. పారిపోలేదు.

అలమర మీంచి పుస్తకం దించి తెరిచాను.
ముప్ఫై ఎనిమిది నించి నలభై రెండు దాకా లేవు.

ఎత్తి అవతల పోయడానికి అర నిమిషం చాలు.
పార చేతిలోకి తీసుకున్నాను కూడా.
మూత మళ్లీ పెట్టేశాను. బోల్టులు బిగించలేదు.
పిల్లికి చెప్పలేదు.

మంచు ఆ రాత్రే పడాలా!
మోకాలి దాకా పడింది.
చేతిపారతో వాకిలి తవ్వుతుంటే
ఎదురింటి వర్నర్ కెంపైనెన్ తన కొత్త బండి ఆపి
"మూడు ట్రాక్టర్లున్నాయి కదా, హిల్కా?" అన్నాడు.
"ఒకటి పురిట్లో ఉంది" అన్నాను.
రెండోసారి అడగలేదు.
సాయంత్రానికి ఊళ్లో ప్రతి సావ్నాలోనూ
ఆవిరితో పాటు నేనే.

పంతొమ్మిది రోజులు. ఏడు మంచులు.
అరచేతుల్లో బొబ్బలు చితికి, కాయలు కాశాయి.
తిట్టుకున్నాను, ఎలకల్ని కాదు,
పార ఎత్తి దించేసిన ఆ అర నిమిషాన్ని.

ఇరవయ్యో పొద్దున గూడు చల్లగా ఉంది.
గింజల పొట్టు తప్ప ఎవరూ లేరు.
పోతూ పోతూ స్పార్క్ ప్లగ్ తీగ కొరికిపోయారు,
అద్దె అనుకోవాలి.
పచ్చదాని తీగ పీకి తగిలించాను.

చోక్ లాగాను.
మొదటిసారి దగ్గింది.
రెండోసారి నన్నేదో అంది.
మూడోసారికి నీలిపొగ కక్కి
కాళ్ల మీద నిలబడింది.

ఫ్యాను లోంచి ఏదో ఎగిరి చేతితొడుగు మీద వాలింది.
గోరంత కాగితం. అంచంతా పళ్ల గాట్లు.
దీపం వెలుగులోకి వంచి చూశాను,
పెన్సిలు రాత.
"బలం పె"
అంతవరకే ఉంది.

గేరు చిటికెన వేలితో ముందుకు తోశాను.